రైలుకట్టపై విధి యెంత, మన మెంత?

రైలుకట్టపై నొక ప్రాణము పోయినదని విన్నంతనే మన పెద్దలు తలపంకించి పలుకు మాట యొక్కటే: "పాపము, వానికి భూమిమీద నూకలు చెల్లినవి." బిడ్డను గోల్పోయిన తల్లికి ఆ మాట కొంత ఊరట నిచ్చును. ఇది ముందే వ్రాసిపెట్టియున్నదని తలచుకొనిన దుఃఖము తగ్గకున్నను, 'నేను వెనుకకు పిలిచియుండిన బ్రతికెడివాడేమో' యను లోపలి కోత కొంతైనను సన్నగిల్లును. కావున ఆ మాటను పరిహసించుట నా యుద్దేశము గాదు. అయితే గేటు పడియుండగా మోటారుసైకిలును వంచి దాని క్రింద దూర్చుచున్న మనుష్యుడు, "రాతలో నున్నది తప్పునా" యని నవ్వుచు తనకు తానే ఆ మాట చెప్పుకొనుచున్నప్పుడు దాని స్వభావము మారిపోవుచున్నది. చనిపోయినవానిని గూర్చి యితరులు చెప్పదగిన మాటను బ్రతికియున్నవాడు తన సాహసమునకు సమర్థనముగా వాడుకొనవచ్చునా? మన శాస్త్రములు విధి నంగీకరించినవి గదా, ఈ వాడుకను గూడ నంగీకరించినవా? మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను మూడూళ్లను కన్నులయెదుట నుంచుకొని ఈ ప్రశ్నను విచారింతము.

ఈ మూడూళ్లును పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి మెట్టసీమకు చెందినవే యైనను రైలుతో వాని చుట్టరికము మూడు విధములు. కుప్పము మీదుగా పోవు మార్గము మిక్కిలి పాతది. మద్రాసు రైల్వేవారు 1864లో జోలార్‌పేట నుండి బెంగుళూరు దండు వరకు వేసిన ఆ మార్గముపై మల్లానూరు, కుప్పము, గుడుపల్లె, బిసానత్తము వరుసగా వచ్చు స్టేషనులు. నేడది విద్యుదీకరణమైన జోడుమార్గము. చెన్నపట్టణమునకును బెంగుళూరునకును నడుమ తిరుగు బండ్లు రేయింబవళ్లు ఆ యూరి నొరసికొని పోవుచుండును. మదనపల్లెకు రైలు దూరపు బంధువు. పట్టణములో స్టేషను లేదు. పాకాల, ధర్మవరముల నడుమ నున్న మార్గమున చిన్నతిప్పసముద్రము కడ గల 'మదనపల్లె రోడ్డు' స్టేషనే దానికి దిక్కు. పుంగనూరున కాపాటి బంధుత్వమును లేదు. పొట్టి ఆవులకు దేశమంతట పేరుగన్న ఆ యూరివారు రైలెక్కవలె ననిన పొరుగూరికి పోవలసినదే.

ఈ మువ్వురిలో రైలుకట్ట దాటునప్పుడు ఎవ్వరి కెక్కువ యపాయమని యడిగిన, రైలు నెరుగని పుంగనూరువానికే యని తోచును. తరచి చూచిన నిజ మందుకు విరుద్ధముగా నుండవచ్చును. ఎరుగనివాడు భయపడును, కట్ట యెక్కుటకు ముందు ఇటు నటు చూచును, ప్రక్కవానిని "బండి వచ్చునా" యని యడుగును. నెలవారీ పాసుపై బెంగుళూరికి పోయివచ్చు కుప్పమువాడు అడుగడు. వానికి కాలపట్టిక కంఠస్థము. ఏ వేళ కేది వచ్చునో, ఏ వేళ కేదియు రాదో వానికి తెలియును. ఆలస్యముగా వచ్చు బండికిని, పట్టికలో చోటులేని గూడ్సుబండికిని, దారిని పరీక్షించుటకు వచ్చు ఒంటరి యింజనునకును ఆ పాండిత్యముతో నిమిత్తము లేదు. పాదచారుల వంతెన కనుచూపు మేరలోనే యుండును. ఆ మెట్లెక్కి దిగుటకు పట్టు రెండు నిమిషములను మిగుల్చుకొనుటకై యతడు ప్లాట్‌ఫారము నుండి పట్టాలపైకి దుముకును. మదనపల్లె రోడ్డు కడ కథ మరియొక తీరు. పాకాల మార్గము చిరకాలము మీటరుగేజి. పొగను జూచి, కూతను విని, దూరమునుండియే బండి రాకను పసిగట్టి తీరికగా కట్ట దాటుట ఆ కాలపువారి కలవాటు. 2010 నాటికి ఆ మార్గము బ్రాడుగేజి యైనది, వేగము హెచ్చినది. కాని తాత నేర్పిన నడక మనుమని కాళ్లలో మీటరుగేజి నాటిదిగనే నిలిచియున్నది. పట్టాలను మార్చినంత సులువుగా సంస్కారమును మార్చలేము.

విధివాదమును గూర్చి శాస్త్రమేమనుచున్నదో ఇక చూతము. చరకసంహిత విమానస్థానములో, గంగాతీరమున గల కాంపిల్యనగరమునందు, అగ్నివేశుడు తన గురువైన ఆత్రేయుని సరిగా ఈ ప్రశ్ననే యడిగెను: ప్రాణుల యాయువు ముందే నిర్ణయింపబడినదా, లేదా? ఆత్రేయుని సమాధానము వైద్యునికి తగినట్లు సూటిగా నున్నది. ఆయువంతయు నిర్ణీతమే యైనచో మదించిన యేనుగును, బెదరిన గుఱ్ఱమును, పొడుచు ఎద్దును చూచి ప్రక్కకు తొలగుట వ్యర్థము, కొండచరియలకును వరదలకును దూరముగా నుండుట వ్యర్థము, వైద్యమే వ్యర్థము. లోకములో వివేకియైనవా డెవ్వడును అట్లు వర్తింపడు గనుక అకాలమరణ మనునది నిజముగా నున్నదని యాయన సిద్ధాంతము. దీనికాయన చూపిన దృష్టాంతము బండి యిరుసు. చక్కని యిరుసు సక్రమముగా నడచిన బండిలో తన కాలము వచ్చినప్పుడే యరిగిపోవును. ఆ యిరుసే, మోయరాని బరువు వేసినను, దారిగాని దారిలో తోలినను, తోలువాడు చేతగానివాడైనను, మధ్యలోనే విరిగిపోవును. అరిగిన యిరుసును విరిగిన యిరుసును ఒక్కటే యనువాడు బండిని తోలదగినవాడు గాడు. పూర్వజన్మకర్మ దైవము, ఈ జన్మలో చేయునది పురుషకారము. రెండింటిలో బలమైనది బలహీనమైనదానిని అణచునని యాత్రేయుడు స్పష్టముగా చెప్పెను.

వైద్యుడు గనుక నట్లనె ననుకొందమా? మహాభారతము ఆనుశాసనిక పర్వమున ధర్మరాజు భీష్ముని ఈ రెండింటిలో నేది మేలని యడుగగా, పితామహుడు వసిష్ఠునకు బ్రహ్మ చెప్పిన సమాధానమును వినిపించును. అందు దైవము విత్తనము, మానవప్రయత్నము పొలము. విత్తు లేని పొలము పండదు గాని, పొలము లేని విత్తు మొలవనే మొలవదు. యోగవాసిష్ఠములో వసిష్ఠుడు శ్రీరామునకు పౌరుషమునే మొదట బోధించి, దైవమని చేతులు ముడుచుకొని కూర్చుండువానిని గట్టిగా మందలించినాడు. విధి యను భావమునకు తావిచ్చిన గ్రంథములే దానిని మానవుని చేతికి సాకుగా నిచ్చుటకు నిరాకరించినవి. నా కర్థమైనంతవరకు వాని తాత్పర్యమిది: విధి యనుమాట జరిగిపోయినదానికి ఓదార్పు, జరుగబోవుదానికి అనుమతిపత్రము కాజాలదు.

అయినచో రైలుకట్టపై మనుష్యుని చంపుచున్న దేది? ఉద్యోగపర్వమున నిద్రపట్టని ధృతరాష్ట్రుని కడకు వచ్చిన సనత్సుజాతుడు, మృత్యువనగా వేరొక దేవత కాదనియు, ఏమరుపాటే మృత్యువనియు బోధించెను. పులివలె మీదబడి ప్రాణులను మ్రింగునట్టి రూప మేదియు మృత్యువునకు లేదని యాయన వాదము. బుద్ధుడును తన శిష్యులకు కట్టకడపట చెప్పినది ఏమరక యుండుమనియే. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, ఏ శాస్త్రమును ప్రమాణముగా గొనకయే, ఏ గురుత్వమును అంగీకరింపకయే, జీవితాంతము చెప్పిన దానిలో ప్రధానమైన దవధానము. అలవాటులో కూరుకొనిపోయిన మనస్సు యంత్రమువలె నడచుననియు, ఉన్నదానిని ఉన్నట్లు చూచుటయే మేలుకొనుట యనియు నాయన బోధసారము. ఋషి యొకడు, రాజ్యమును త్యజించిన భిక్షు వొకడు, మన మదనపల్లె బిడ్డ యొకడు, ఒకరి దారిని మరియొకరు త్రొక్కకయే ఈ యొక్క చోటికి వచ్చి కలిసికొనుట సామాన్యము గాదు. ఇంతటి తత్త్వమునకు రైలుగేటు చిన్న యుదాహరణ మనిపించవచ్చును గాని, ధ్యానమందిరములోని యవధానము పరీక్షకు నిలుచునది ఇటువంటి చోటులనే.

జోడుమార్గముపై నొక గేటు కడ పావుగంట నిలువబడి చూచినవారికి ఈ సంగతి చేతిలో పెట్టినట్లు తెలియును. గేటు గదిలో ఫోను మ్రోగును. స్టేషను మాస్టరు బండి బయలుదేరుచున్నదని చెప్పి రహస్యసంఖ్య నొకదాని నిచ్చును. గేట్‌మ్యాన్ దానిని పుస్తకములో వ్రాసికొని, తన సంఖ్యను తిరిగి చెప్పి, కడ్డీలను దించి తాళము బిగించును. సిగ్నలుతో ముడిపడిన గేటైనచో అది సరిగా పడినగాని బండికి దారి దొరకదు. టమాటా పెట్టెల వ్యాను ఆగును, బస్సు ఆగును. వాని ప్రక్కనుండి యొకడు పాలక్యానులు వ్రేలాడు మోటారుసైకిలును తోసికొనుచు ముందుకు వచ్చును. వెనుక కూర్చున్న యిల్లాలు దిగి చంకలో బిడ్డతో నడుము వంచి కడ్డీ క్రింద దూరును. అతడు బండిని ఒక ప్రక్కకు వాల్చి, హ్యాండిలును త్రిప్పి, ఈవలి కడ్డీని దాటి పట్టాల నడుమకు చేరును. తలయెత్తి చూచువేళకు దూరమున దీపమొకటి కదలనట్లే కనబడును.

ఆ కదలనట్లు కనబడుటలోనే మోసమున్నది. పెద్ద వస్తువు నిజవేగము కంటె మెల్లగా వచ్చుచున్నట్లు కంటికి తోచునని హెర్షెల్ లీబోవిట్జ్ అను అమెరికా మనశ్శాస్త్రజ్ఞుడు 1985లో రైలుగేటు ప్రమాదములను గూర్చి వ్రాయుచు వివరించెను. గంటకు 110 కిలోమీటర్ల వేగమున పోవు బండి సెకనుకు 30 మీటర్లు దాటును. జోడుపట్టాలను కాలినడకన దాటుటకు 8 సెకనులు పట్టునేని, ఆ 8 సెకనులలో బండి 240 మీటర్లు ముందుకు వచ్చియుండును. వేయి టన్నులకు మించిన ఆ బరువు, డ్రైవరు అత్యవసరపు బ్రేకు వేసిన పిమ్మట నిలుచుటకు కిలోమీటరు వరకు దూరము కావలసియుండవచ్చును. వీటికి తోడు జోడుమార్గమునకు ప్రత్యేకమైన యాపద మరియొకటి: మొదటి బండి తోక దాటగానే జనము కదలును, ఆ బండి చాటున, ఆ బండి రొదలోనే, రెండవ పట్టాపై నెదురుబండి వచ్చుచుండును. చెవులలో పాటల తీగలు పెట్టుకొనినవానికి ఆ రొదయు వినబడదు.

ఇట్టి సాహసమున పోవునది తన ప్రాణమే గదా, దాని నడుగుటకు లోకమెవ్వరు అని వాదించువారు గలరు. ఇక్కడనే ధర్మప్రశ్న మిక్కిలి తీవ్రమగుచున్నది. ఇంజనులో నిలిచిన లోకోపైలటుకు ఆ క్షణమున చేయగలిగినది కూత వేయుట, బ్రేకు వేయుట; ప్రక్కకు త్రిప్పుటకు వాని చేతిలో చక్రము లేదు. కన్నులయెదుట మనుష్యుడు కనబడుచునే యుండును, బండి పోవుచునే యుండును. గీతలో కృష్ణుడు అర్జునుని నిమిత్తమాత్రుడవు కమ్మని చెప్పుటకు ముందు పది అధ్యాయముల సంభాషణము నడచినది; అర్జునుడు కాదనవచ్చును, ప్రశ్నింపవచ్చును, విల్లు క్రింద పెట్టవచ్చును. కట్టపైకి ఎక్కినవాడు లోకోపైలటును అడుగకయే, వానికి కాదను వీలు నీయకయే, తన మరణమునకు నిమిత్తముగా జేసికొనుచున్నాడు. ఉద్దేశము లేనిచోట పాపము లేదని చెప్పి శాస్త్రము ఆ డ్రైవరును విడిచిపెట్టును గాని వాని నిద్ర విడిచిపెట్టదు. సుత్తియు స్పానరును పట్టుకొని తెల్లవారక మున్నే కట్టవెంట నడచు కీమ్యాన్, ఛిద్రమైన దేహమును ఏరి గోనెపై చేర్చు ట్రాక్‌మ్యాన్, వార్తను ఇంటికి మోసికొనిపోవు రైల్వే పోలీసు, వీరందరిని గూడ ఆ సాహసి తన కర్మలో భాగస్వాములను చేసెను. అహింస యనగా చేయి చేసికొనకుండుట మాత్రమే యైన నిది హింస గాదు. పరుల మనస్సును నొప్పింపకుండుట యని కూడ నర్థమైనచో గేటు క్రింద దూరుట నిశ్చయముగా హింస.

మన భక్తికిని మన జాగ్రత్తకును నడుమ పడిన యెడమును గూడ నిక్కడ చెప్పవలసియున్నది. ఆయుధపూజనాడు ఈ సీమలో లారీలకును ఆటోలకును బంతిపూలు కట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి త్రొక్కించి, గుమ్మడికాయ పగులగొట్టుట చూడముచ్చటగ నుండును. బోయకొండ గంగమ్మ కడ క్రొత్త వాహనమునకు పూజ చేయింపని డ్రైవరు అరుదు. సుగుటూరు గంగమ్మ జాతర పుంగనూరునకును, తిరుపతి గంగమాంబ జాతర కుప్పమునకును ఏటేట ప్రాణము పోయు పండుగలు. ఆ తల్లి ముందు తలవంచినవాడే గేటు కడ్డీ క్రింద తలవంచి దూరిన, ఆమె యేమనుకొనవలెను? రక్షణను దేవత నడిగి, ఆ రక్షణకు సాధనముగా సాటి మనుష్యుడు దించిన కడ్డీని తిరస్కరించుట ప్రార్థనను సగములో నాపుటయే. 2018 అక్టోబరు 19వ తేదీన విజయదశమినాడు అమృతసరు కడ జోడా ఫాటక్‌లో రావణదహనమును చూచుటకు పట్టాలపై నిలిచిన జనముమీదుగా బండి పోయి 60 మంది వరకు ప్రాణములు గోల్పోయిరి. 2013 ఆగస్టులో బీహారులోని ధమారా ఘాట్ స్టేషనులో కట్ట దాటుచున్న శివభక్తులు పలువురు అదే తీరున పోయిరి. వారి భక్తి యందు లోపము లేదు. భక్తి వారిని కాపాడలేదనుట నాస్తికము గాదు. కాపాడుకొనుమని బుద్ధి నిచ్చిన దైవము ఆ బుద్ధి చేయవలసిన పనిని తాను చేయడనుట మాత్రమే.

ఇంతవరకు వ్యక్తి దోషమును చెప్పితిని. అంతటితో నాపిన నాది అర్ధసత్య మగును. ఏలయన విధి యను సాకును వ్యక్తి యొక్కడే వాడుట లేదు, సంఘమును వాడుచున్నది. 2014 జులై 24వ తేదీన మెదక్ జిల్లా మాసాయిపేట కడ కాపలాలేని గేటుపై పాఠశాల బస్సును రైలు ఢీకొని పదిమందికి మించిన పసివారు మరణించిరి. అట్టి చోట డ్రైవరు బండి నాపవలెననియు, కండక్టరో క్లీనరో దిగి పట్టాల వరకు నడచిపోయి ఇరువైపుల చూచి బండిని దాటింపవలెననియు, తోడెవ్వరును లేనిచో డ్రైవరే దిగి చూడవలెననియు 1988 నాటి మోటారు వాహనముల చట్టము 131వ సెక్షను నిర్దేశించుచున్నది. దిగి, నడచి, చూచి, పిమ్మట కదలుమను ఆ నాలుగు మాటలలో సనత్సుజాతుని బోధ యంతయు నిమిడియున్నది. కాని అంత యవధానమును ప్రతి డ్రైవరునుండి ప్రతిదినము ఆశించి, గేటు పెట్టకుండ దశాబ్దములు గడపిన పెద్దల యేమరుపాటు మాటేమి? 2012లో రైల్వే భద్రతను సమీక్షించిన అనిల్ కకోద్కర్ సంఘము, పట్టాలపైకి వచ్చి దేశములో ఏడాదికి దాదాపు 15,000 మంది చనిపోవుచున్నారని చెప్పి, దీనిని ఏ నాగరికసమాజమును సహింపరాదనియు, లెవెల్ క్రాసింగులను ఐదేండ్లలో తొలగింపవలెననియు కోరెను. బ్రాడుగేజిపై కాపలాలేని గేట్లన్నియు తొలగుటకు 2019 జనవరి వరకు ఆగవలసివచ్చెను. ఆ నడుమ పోయిన ప్రాణముల పద్దు విధి ఖాతాలో వ్రాయుట న్యాయము గాదు.

పురుషకార మనునది ఒంటరివాని పౌరుషము మాత్రమే కాదు. పదిమంది కూడి చేయు ప్రయత్నము గూడ నందు చేరును. కట్ట కీవల ఇల్లు, ఆవల పొలము ఉన్న రైతుకును, గడ్డిమోపు నెత్తిన పెట్టుకొని వచ్చు కూలిస్త్రీకిని, మందను తోలుకొనిపోవు గొల్లవానికిని, వంతెన మైలు దూరమున నున్నచో "నియమము పాటింపు"మని బోధించుట సులువు, పాటించుట కష్టము. గేటును తీసి దాని బదులు త్రవ్విన అండర్‌బ్రిడ్జిలో వానకాలమున మోకాటిలోతు నీరు నిలిచినచో జనము మరల కట్ట యెక్కుదురు. అది వారి యవివేకమని వ్రాయువారు ముందుగా ఆ నీటిలో దిగి నడచి చూడవలెను. 1989 నాటి రైల్వే చట్టము 147వ సెక్షను ప్రకారము అనుమతి లేక పట్టాలపైకి పోయినవానికి 6 నెలల వరకు ఖైదు గాని, 1,000 రూపాయల వరకు జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. దారి చూపక దండించుట రాజధర్మము గాదు. దారి యుండగా దానిని విడుచుట ప్రజాధర్మము గాదు. మెట్లవంతెన యున్న కుప్పమువాని తప్పును, వంతెనలేని పల్లెవాని యిక్కట్టును ఒకే త్రాసులో తూచరాదు.

రైలు పుట్టిననాడే ఈ పాఠమును లోకమునకు చెప్పినది. 1830 సెప్టెంబరు 15వ తేదీన ఇంగ్లండులో లివర్‌పూల్, మాంచెస్టరు మార్గమును ప్రారంభించు వేడుకలోనే విలియం హస్కిసన్ అను పార్లమెంటు సభ్యుడు, బండి ఆగినచోట పట్టాలపైకి దిగి, వెల్లింగ్టన్ ప్రభువుతో మాటలాడబోయి, ప్రక్క పట్టాపై వచ్చిన 'రాకెట్' ఇంజను క్రింద పడి మరణించెను. ఆయన చదువులేనివాడు గాడు, తొందరలో నున్న కూలివాడు గాడు. నూట యెనుబది యేండ్లు గడచిన పిమ్మట 2013 నవంబరులో మన విజయనగరము కడ గొట్లాములో, బండికి నిప్పంటుకొనినదను వదంతి విని ప్రక్క పట్టాపైకి దిగిన ప్రయాణికులను ఎదురుబండి బలిగొన్నది. కారణములు వేరైనను ప్రక్క పట్టాను మరచుట యొక్కటే. యంత్రము మారినది, దేశము మారినది, మానవుని మరపు మారలేదు. దానినే విధి యని పిలుచుటకు నాకు మనస్సొప్పుట లేదు.

కావున నా నిర్ణయమిది. ఆయువు ఈశ్వరాధీనమని నమ్మువాడు గేటు కడ ఇతరులకంటె ఎక్కువ ఓర్పుతో నిలువవలెను. ఏలయన ఆ యాయువు తనది గాదు, తన చేతికి అప్పగింపబడిన సొత్తు. పాఠకులారా, గేటు పడినచో ఇంజను నాపుడు. మొదటి బండి పోయినను కడ్డీ లేచువరకు కదలకుడు. పిల్లలను వంతెనపై నుండియే దాటింపుడు. పట్టాలపై నాపద కనబడిన 139 నంబరుకు ఫోను చేయుడు. జాతరలు జరిపించు పెద్దలు జనము కట్టవైపు పోకుండ స్వచ్ఛందసేవకులను నిలుపవలెను. వంతెనలేని పల్లెల పంచాయతీలు తీర్మానము వ్రాసి రైల్వేవారికి పంపి, పని పూర్తియగువరకు వెంటబడవలెను. ఈ పనులలో ఒక్కదానికైనను దైవము అడ్డుచెప్పినట్లు ఏ శాస్త్రములోను లేదు.